తిరిగాడా, తిరగలేదా

వారం రోజులు తల ఎత్తకూడదని కంటి డాక్టరు చెప్పినప్పుడు సర్వేయరు అది వేళాకోళం అనుకున్నాడు. ఇంటికి వచ్చాక గానీ తత్వం బోధపడలేదు. మంచం మీద బోర్లా పడుకోవాలి. అంచున చుట్టకుదురులా చుట్టి పెట్టిన తువ్వాలులో నుదురు ఆనించి, మొహం కిందికి వేలాడేసుకోవాలి. తిండి అలాగే, నిద్ర అలాగే. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయొచ్చు గానీ, అప్పుడు కూడా తప్పు చేసినవాడిలా తల దించుకునే నడవాలి.

కుడి కన్ను వెనకాల పొర ఊడింది. దాన్ని అతికించి, మళ్లీ లేవకుండా నొక్కి ఉంచడానికి కంటి లోపల గాలి బుడగ పెట్టారు. బుడగ ఎప్పుడూ పైకే తేలుతుంది. అది వెళ్లి పొరకు ఆనాలంటే మనిషి నేల చూపులు చూడాల్సిందే. ఆ కన్నుకు కట్టు కట్టారు. మిగిలిన ఎడమ కన్ను చిన్నప్పటి నుంచీ పేరుకే కన్ను, వెలుతురుకూ నీడకూ తేడా చెప్పగలదు, అంతకు మించి దాని వల్ల కాదు.

ఆయన బీమా కంపెనీలో సర్వేయరు. గుద్దుకున్న కార్ల చుట్టూ తిరిగి, ఏ సొట్ట ఈ గుద్దుడుది, ఏ సొట్ట పాతది అని తేల్చడం ఉద్యోగం. ఇష్టం మాత్రం సినిమాలు. ఆ ఇష్టం మామూలుది కాదు. ఎక్కడెక్కడి దేశాలవో, ఎవరూ పేరైనా వినని సినిమాలు డిస్కుల్లో తెప్పించి, పడగ్గదిలో గోడ పొడుగునా అలమారలో పేర్చుకున్నాడు. భోజనానికి పిలిస్తే రెండోసారికి గానీ పలకని మనిషి, ఆ అలమారలో ఒక డిస్కు అటుదిటు అయితే ఇల్లు పీకి పందిరేస్తాడు.

"ఏవండీ, టీ తాగుతారా?" అని భార్య అడిగింది.

"ఎలా తాగను? ముక్కుతోనా?"

"గొట్టం తెచ్చాను. పీల్చండి."

పీల్చాడు. టీ నాలుకను పలకరించకుండా నేరుగా గొంతులోకి పోయి కాల్చింది. ఆయన కెవ్వుమన్నాడు. ఆవిడ గ్లాసు తీసి ఊదింది. నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల ఫోను దగ్గర పనిచేసే మనిషి. నీళ్లు రావడం లేదనీ, వచ్చినవి పచ్చగా ఉన్నాయనీ, రోడ్డు మీద పైపు పగిలిందనీ ఊరంతా అరిచే అరుపులు పొద్దస్తమానం వింటుంది. ఈ వారం సెలవు పెట్టి, ఒక్క మనిషి అరుపులు వినడానికి ఇంట్లో ఉండిపోయింది.

"ఊరికే ఇలా పడుంటే పిచ్చెక్కుతుంది" అన్నాడు. "ఒక సినిమా పెట్టు."

"మీరు చూడలేరు కదండీ."

"వింటాను. కనపడేది నువ్వు చెప్పు. కింద అక్షరాలు పడతాయి, అవి చదువు. అంతేగా, బ్రహ్మవిద్యా ఏమన్నా?"

మొదటిరోజు పెట్టించింది ఒక ఎడారి దేశపు సినిమా. ఊరికి దూరంగా పెట్రోలు బంకు నడుపుకునే ఇద్దరు అన్నదమ్ములు. ఎందుకో చెప్పరు గానీ ఇద్దరికీ మాటల్లేవు. ఒకే గదిలో పడుకుంటారు, ఒకే గిన్నెలో వండుకుంటారు, పలకరించుకోరు. సినిమా మొత్తానికి ఒకే ఒక్క కారు వస్తుంది. దాని దుమ్ము దూరాన కనపడగానే ఇద్దరూ ఒకేసారి లేచి నిలబడతారు. అన్ని రోజుల పంతం ఆ లేవడంలో వాళ్లకు తెలియకుండానే కరిగిపోతుంది. ఆ ఘట్టం గురించి ఆయన సినిమా మిత్రుల సంఘంలో ఒకసారి సాయంత్రమంతా మాట్లాడాడు.

"ఇప్పుడేం కనిపిస్తోంది?"

"ఇసక."

"ఇసకలో?"

"ఇంకా ఇసకే."

ఆయన పళ్లు నూరాడు. "కుడి పక్క దీపస్తంభం ఉంటుంది, చూడు."

"ఉంది. వెలగట్లేదు."

"అదీ! అది వెలగకపోవడంలోనే ఉంది అసలు..."

"కాలిపోయుంటుంది. ఇద్దరు మగాళ్లున్నారు, ఒకడు ఎక్కి మార్చకూడదూ?"

మళ్లీ చాలాసేపు గాలి హోరు తప్ప ఏమీ లేదు. ఆయన ఊపిరి బిగబట్టి వింటున్నాడు. ఆ హోరులో దూరాన ఇంజను చప్పుడు మొదలై, దగ్గరికి వచ్చి, మెల్లగా సద్దుమణిగింది.

"కారు వచ్చింది. పోయింది" అంది ఆవిడ.

"ఇద్దరూ ఒకేసారి లేచారు కదా?"

"చూళ్లేదు. మీ చుక్కల మందుకు టైమయిందేమోనని గడియారం చూశాను."

మంచం పరుపు మీద ఆయన పిడికిలితో కొట్టిన దెబ్బకు గ్లాసులో టీ ఒలికింది. సినిమా అంతటికీ ఒకే ఒక్క కారు వస్తే, సరిగ్గా అప్పుడే గడియారం చూస్తారా ఎవరన్నా? ఆవిడ గుడ్డ తెచ్చి ఒలికింది తుడిచింది. తర్వాత ఆయన్ని పక్కకు తిప్పి, కట్టు విప్పి, రెప్ప వేలితో కిందికి లాగి, చుక్క సరిగ్గా కంటిలో పడేలా వేసి, దూది అద్దింది. ఆ పనిలో మాత్రం ఆవిడ చేయి ఒక్కసారి కూడా తప్పలేదు.

రెండో రోజు రేవు పట్నం సినిమా. అద్దె ఇళ్లు చూపించి బతికే ఒకావిడ, ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు వెళ్లిపోయాక ఆ ఖాళీ గదుల్లో కటిక నేల మీద కాసేపు పడుకుంటుంది. ఆవిడకు సొంతిల్లు ఉందో లేదో చెప్పరు. ప్రతి ఇంట్లో ఒక్కో రకం వెలుతురు. ఆ వెలుతుర్ల కోసమే సర్వేయరు ఆ సినిమాను నెత్తిన పెట్టుకున్నాడు.

"వెలుతురు ఎలా ఉంది?"

"బాగానే ఉంది."

"బాగానే అంటే? పసుపా, బూడిద రంగా? గోడ మీద పడుతోందా, నేల మీదా?"

"గోడకు తేమ దిగిందండీ. కిటికీ కింద ఉబ్బిపోయింది. లోపల పైపు కారుతోంది. ఈ ఇల్లు ఎవరూ తీసుకోరు, నేను చెబుతున్నాగా."

"పైపుల సంగతి నేనడిగానా?"

ఇక అక్షరాలు చదవడం. అదింకో శిక్ష. "నువ్వు. వస్తావని. అనుకోలేదు" అని ఆవిడ ఒక్కో ముక్కా విడదీసి, ఎత్తూ పల్లం లేకుండా అప్పజెబుతుంది. విడిపోయి ఏళ్లు గడిచాక ఎదురుపడ్డ మనిషి గొంతు పూడుకుపోయి అనే మాట అది.

"ఇంటి నంబరు చదివినట్టు చదువుతావేం?"

"మా ఆఫీసులో అలాగే చదవమంటారు. లేకపోతే అవతలివాళ్లు తప్పు రాసుకుంటారు."

అప్పుడే ఫోను మోగింది. సినిమా మిత్రుల సంఘం అధ్యక్షుడు. పళ్ల డాక్టరు. నెలకొకసారి గ్రంథాలయం పై అంతస్తులో కుర్చీలు వేసి, తెర కట్టి సినిమాలు వేసేది ఆయనే. వేసే సినిమా మాత్రం సర్వేయరు చెప్పినదే. ఆదివారం సాయంత్రం "నాకు నచ్చిన ప్రపంచ సినిమాలు" అని సర్వేయరు మాట్లాడాలని ఎప్పుడో అనుకున్నారు.

"మానేద్దామా అన్నగారూ? మీకు ఇబ్బంది కదా."

"మానేయడమేంటి? ఫోనులో మాట్లాడతాను. మీరు మైకు దగ్గర పెట్టండి. ఆఖర్న మన మంచు సినిమా చివరి ఘట్టం వేయండి. దాని గురించి ఎంత చెప్పినా తక్కువే."

"ఆ చూపు! వెనక్కి తిరిగే చూపు! మా ఆవిడ ఇప్పటికీ తలుచుకుంటుంది."

"మాట్లాడే ముందు అన్నీ ఒకసారి సరిచూసుకుందామని మా ఆవిడ చేత చెప్పించుకుంటున్నాను. ఆవిడకి సినిమాలు తెలియవు కదా, నానా తంటాలు పడుతున్నా అనుకోండి."

ఆ మాట అనేటప్పుడు ఆవిడ అక్కడే ఉంది. ఫోను ఆయన చెవికి ఆనించి పట్టుకున్నది ఆవిడే.

మంచు సినిమా మూడో రోజు పెట్టించాడు. అన్ని దేశాల్లో, అన్ని సినిమాల్లో ఆయనకు అది ఒక ఎత్తు, మిగతావన్నీ ఒక ఎత్తు. ఇళ్ల పైకప్పులు బాగుచేసుకుని బతికే ఒక మనిషి. భార్య పోయింది. చలికాలమంతా కప్పుల మీదే పని, చిన్నపిల్లను కింద వదిలి ఎక్కలేడు. అందుకని కూతుర్ని కొండ మీద ఊళ్లో ఉండే అక్క ఇంట్లో దింపి వెళతాడు. కథ అంతే. చివర ఆ ఇంటి కిటికీలోంచి మంచు దారి కనిపిస్తుంది. దారి మీద తండ్రి సంచి పట్టుకుని దిగిపోతుంటాడు. పోతూ పోతూ ఆగుతాడు. ఆగి, వెనక్కి తిరిగి, ఒక్కసారి చూస్తాడు. ఆ ఒక్క చూపు కోసమే ఆ సినిమా పుట్టిందని సర్వేయరు ఎన్ని వేదికల మీద చెప్పాడో లెక్కలేదు. అది చెప్పేటప్పుడు తనే నాలుగడుగులు నడిచి, ఆగి, మెల్లగా తల తిప్పి చూపించేవాడు. వెనక వరసల్లో ముక్కులు చీదుకోవడం వినిపించేది.

"కిటికీ కనిపిస్తోంది" అని ఆవిడ మొదలుపెట్టింది. "దారి. ఆయన నడుస్తున్నాడు."

కర్రచెక్క చెప్పులు మంచులో దిగబడుతున్న చప్పుడు గదిలో నిండింది.

"నడుస్తున్నాడు. నడుస్తున్నాడు. ఆగాడు."

"ఇప్పుడు చూడు!" సర్వేయరు పరుపు అంచు రెండు చేతులా పట్టుకున్నాడు. "ఇప్పుడు చూడు, మెల్లగా తల తిప్పుతాడు, మొహంలో ఏమీ ఉండదు, కళ్లలో మాత్రం..."

"మళ్లీ నడుస్తున్నాడు."

"ఏంటీ?"

"నడుస్తున్నాడండీ. చిన్నగా అయిపోయాడు. పేర్లు పడుతున్నాయి."

"వెనక్కి తిరగలేదూ?"

"లేదు."

"మళ్లీ పెట్టు. గడియారం చూడకు."

మళ్లీ పెట్టింది. తిరగలేదు. ఇప్పుడు చూడు, ఇప్పుడు చూడు అని ఆయన అరుస్తుండగానే ఇంకోసారి పెట్టింది. తిరగలేదు. అప్పుడు సర్వేయరు, కార్ల షెడ్డులో తప్పుడు లెక్క చెప్పే డ్రైవర్లను నిలదీసినట్టు నిలదీయడం మొదలుపెట్టాడు.

"సంచి ఏ చేతిలో ఉంది?"

"ఎడమ చేతిలో."

"ఆగినప్పుడు చెయ్యి మార్చుకున్నాడా?"

"లేదు."

"టోపీ?"

"ఉంది. చెవుల మీదికి లాక్కున్నాడు."

"తల తిప్పితే ఆ టోపీ అంచు కదలాలి. కదిలిందా?"

"తల తిప్పలేదంటుంటే అంచు ఎలా కదులుతుందండీ?"

"ఇన్నేళ్లుగా నేను చూస్తున్నా! వందమందికి చూపించా! తిరుగుతాడు!"

"మీకు తిరిగాడేమో. నాకు తిరగలేదు."

"నీకు చూడటం రాదు" అన్నాడు. నేలకేసి అన్నా ఆ మాట గట్టిగానే వినిపించింది. "అదీ సంగతి. కళ్లుంటే సరిపోదు. నీకు చూడటం రాదు."

ఆవిడ టీవీ ఆపేసింది. రిమోటు ఆయన చేతి పక్కన పెట్టి, ఖాళీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. గిన్నెల చప్పుడు మామూలుగానే వచ్చింది. మందు వేళకు వచ్చి చుక్కలు వేసింది. పడుకునే ముందు మెడ కింద నూనె రాసింది. అడిగినదానికల్లా ఆఁ, ఊఁ అంటూనే ఉంది. అడగనిది ఒక్క ముక్క మాట్లాడలేదు. సర్వేయరుకు ఒళ్లు మండిపోయింది. గొడవ పడితే గొడవ పడినట్టుండాలి.

మర్నాడు పళ్ల డాక్టరు చూడటానికి వచ్చాడు. బూట్ల నిగనిగ మంచం పక్కకు వచ్చి ఆగినట్టు ఎడమ కన్నుకు మసకగా తెలిసింది.

"డాక్టరుగారూ, మీరొచ్చింది మంచిదయింది. మంచు సినిమాలో తండ్రి వెనక్కి తిరుగుతాడా, తిరగడా?"

"అదేం ప్రశ్న అన్నగారూ? తిరుగుతాడు."

"మా ఆవిడ తిరగడంటోంది. ఒకసారి వేసి చూసి చెప్పండి."

డాక్టరు నవ్వుతూ డిస్కు పెట్టాడు. చివరికి జరిపాడు. చెప్పుల చప్పుడు మొదలైంది. సర్వేయరు చెవులు రిక్కించాడు. వాకిలి దగ్గర భార్య వచ్చి నిలబడినట్టు గాజుల చప్పుడు చెప్పింది.

"అదిగో, తిరిగాడు!" అన్నాడు డాక్టరు.

చెప్పుల చప్పుడు ఇంకా ఆగలేదు. మరో రెండడుగులు పడి, అప్పుడు ఆగింది. ఆగీ ఆగగానే డాక్టరు టీవీ కట్టేశాడు.

సర్వేయరు ఉద్యోగంలో అలాంటి సాక్షులు కొల్లలు. కారు యజమాని వెంట వచ్చే బావమరిది ఒకడుంటాడు. అడగబోయేది పూర్తిగా అడగకముందే అవునండీ, నేను చూశానండీ అంటాడు. అలాంటివాడి మాట ఆయన కాగితం మీద పెట్టడు. పెట్టనని మొహం మీదే చెబుతాడు. ఈరోజు మాత్రం చెప్పలేదు. డాక్టరు చెప్పింది తనకు కావలసిన మాట.

"వదినగారూ, మీరు సరిగ్గా అప్పుడే రెప్ప వేసుంటారు" అని డాక్టరు నవ్వాడు.

సర్వేయరూ నవ్వాడు. బోర్లా పడుకుని నవ్వితే అది నవ్వులా ఉండదు, దగ్గులా ఉంటుంది. ఆవిడ టీ కప్పు డాక్టరు చేతికిచ్చింది. "చక్కెర సరిపోయిందా?" అని అడిగింది. అంతే.

మధ్యాహ్నం ఆవిడ మందుల దుకాణానికి వెళ్లింది. వెళ్తూ నీళ్ల గ్లాసు, గొట్టం, ఫోను, రిమోటు చేతికందేలా అమర్చింది. గుమ్మం గడియ పడిన చప్పుడయింది. ఆ రెండడుగులు ఆయన్ని వదల్లేదు. చెప్పుల చప్పుడు ఆగకముందే తిరిగాడన్నాడు డాక్టరు. నడుస్తూ నడుస్తూ తిరుగుతాడా ఎవడన్నా? ఆగాలి కదా ముందు.

చేయి చాపి రిమోటు తడుముకున్నాడు. ఏ మీట ఏదో వేళ్లకు తెలుసు గానీ, బోర్లా పడుకుంటే కుడి ఎడమలు తారుమారయ్యాయి. ఒకసారి గొంతు పెద్దదయింది, ఒకసారి అసలు ఆగిపోయింది, ఒకసారి మొదటికే పోయింది. తిట్టుకుంటూ, నొక్కుకుంటూ, ఏ చప్పుడు ఏ ఘట్టమో పోల్చుకుంటూ చివరికి చేరాడు.

చెప్పుల చప్పుడు వచ్చింది. గదిలో ఎవరూ లేరు. ఇప్పుడు చూడు అని చెప్పడానికి ఎవరూ లేరు.

అడుగులు పడ్డాయి, పడ్డాయి, ఆగాయి.

ఆగినచోట ఒక నవ్వు వినిపించింది.

చిన్న నవ్వు. అద్దం అవతల నుంచి వచ్చినట్టు, గదిలో ఎక్కడో మూల నుంచి వచ్చినట్టు ఉంది. పిల్ల నవ్వు. కిలకిలమని ఒకసారి పొంగి, ఆపుకుని, మళ్లీ పొంగింది. తర్వాత అడుగులు మళ్లీ మొదలయ్యాయి. ముందు పడినంత బరువుగా పడలేదు. దూరమవుతూ దూరమవుతూ మంచులో కలిసిపోయాయి.

ఆయన మళ్లీ వెనక్కి జరిపాడు. నవ్వు అక్కడే ఉంది. ఇంకోసారి జరిపాడు. అక్కడే ఉంది. ఎప్పుడూ ఉందన్నమాట. ఇన్నేళ్లూ అది వినపడకుండా తన గొంతు దాని మీద పడుతూ వచ్చింది. ఇప్పుడు చూడండి, ఇప్పుడు చూడండి. ఒంటరిగా చూసినప్పుడైనా వినొచ్చు కదా అంటే, ఆ చోటికి రాకముందే ఏడుపు ముంచుకొచ్చి ముక్కు చీదుకునేవాడు. ఆ చీదుడులో పిల్ల నవ్వు ఎప్పటికప్పుడు కొట్టుకుపోయింది.

ఆవిడ తిరిగి వచ్చి, సంచి వంటింట్లో పెట్టి, చేతులు కడుక్కుని చుక్కలు వేయడానికి వచ్చింది. దూది అద్దాక ఆయన మళ్లీ బోర్లా తిరిగి, నేలకేసి అడిగాడు.

"ఆ కిటికీ దగ్గర పిల్ల ఏం చేస్తోంది?"

"ఏ పిల్ల?"

"తెలియనట్టు అడక్కు. మంచు సినిమాలో."

"నాకు చూడటం రాదుగా."

ఆయనకు కోపం రావలసిన చోట కోపం రాలేదు. నుదురు తువ్వాలులో ఇంకొంచెం దిగేసుకున్నాడు. ఆవిడ మందు సీసా మూత బిగించింది. సీసా డబ్బాలో పెట్టింది. డబ్బా మూసింది. తర్వాత స్టూలు లాక్కుని కూర్చున్న చప్పుడయింది.

"మేనత్త కొడుకు ఒకడుంటాడు చూడండి, ముందు పళ్లు ఊడినవాడు. వాడు గరిట మూతికి పెట్టుకుని పందిలా మొహం పెట్టాడు. దానికి నవ్వింది. కిటికీకి ఈ పక్కనే, మూలన. సగమే కనపడుతుంది."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు పిల్ల సంగతి అడగలేదు. సంచి ఏ చేతిలో ఉందని అడిగారు."

సర్వేయరు గుటక మింగాడు. అదీ బోర్లా పడుకుంటే సరిగ్గా పడదు.

"ఎందుకు ఆగాడంటావు?"

"వినపడింది కదా. పొద్దుట్నించీ ఏడుస్తున్న పిల్ల. నవ్విందేమిటా అని ఆగాడు."

"మరి తిరిగి చూడాలి కదా. ఎవడైనా తిరిగి చూస్తాడు."

"తిరిగితే పిల్లకు మొహం కనపడుతుంది. కనపడిందంటే నాన్నా అని మళ్లీ ఏడుపు లంకించుకుంటుంది. ఈమాత్రం తెలియదా ఆయనకు?" లేచి దుప్పటి సర్దింది. "కప్పులు బాగుచేసుకునేవాడైనా, తండ్రే కదండీ."

"అదేదో నిన్న చెబితే నీ సొమ్మేం పోయేది?"

"నిన్న చెప్పాను. తిరగలేదని. ఒకటికి మూడుసార్లు."

ఆదివారం సాయంత్రం ఫోను నేల మీద, సరిగ్గా ఆయన మొహం కింద పెట్టింది. అవతల హాల్లో కుర్చీలు లాగుతున్న రొద, దగ్గులు, మైకు కీచుమనడం. ఆవిడ మంచం మీద ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఉతికిన బట్టలు మడతలు పెడుతోంది.

సర్వేయరు పెట్రోలు బంకు అన్నదమ్ముల గురించి చెప్పాడు. ఖాళీ ఇళ్లలో కునుకు తీసే ఆవిడ గురించి చెప్పాడు. గోడకు దిగిన తేమ గురించి కూడా చెప్పాడు, ఇన్నాళ్లూ అది తన కంటికి ఆననేలేదని. జనం బాగా వింటున్నారని ఆ నిశ్శబ్దమే చెబుతోంది. అప్పుడు మంచు సినిమా ఎత్తుకున్నాడు.

"ఒక దిద్దుబాటు. ఆ తండ్రి వెనక్కి తిరగడు."

హాలు ఒక్క క్షణం ఆగి, గొల్లుమంది.

"ఏంటి సార్, పరీక్ష పెడుతున్నారా?" అన్నదొక మగ గొంతు.

"తిరుగుతాడండీ! కళ్లలో నీళ్లు కూడా ఉంటాయి" అన్నదొక ఆడ గొంతు.

"నీళ్లు కావు, మంచు. కనురెప్ప మీద మంచు" అని ఇంకెవరో సరిదిద్దారు.

"అసలు తిరగనే తిరగడంటుంటే కనురెప్ప ఎక్కణ్నించి వచ్చిందయ్యా?" సర్వేయరు అరిచాడు. ఎప్పటికప్పుడు తను నాలుగడుగులు నడిచి, తల తిప్పి చూపించినదాన్నే వాళ్లంతా తెర మీద చూశామంటున్నారు. తను తయారుచేసిన సాక్షులే. ఒక్కడు వెనక్కి తగ్గడం లేదు.

"అన్నగారూ" డాక్టరు మైకులో అనునయంగా అన్నాడు. "మీకు ఒంట్లో బాగాలేదు. వదినగారు చెప్పింది పట్టుకుని మీరు అనుమానంలో పడ్డారు. ఆవిడకు సినిమాలు తెలియవని మీరే అంటుంటారు కదా."

మైకులో పలికిన మాట హాలంతా విన్నది. కొంతమంది నవ్వారు. మంచం మీద మడత పెడుతున్న గుడ్డ చప్పుడు ఆగిపోయింది.

సర్వేయరు కాదనలేడు. తను అన్న మాటే. ఆ మాట అన్నప్పుడల్లా హాయిగానే ఉండేది.

"ఆ చివరి ఘట్టం వేయండి" అన్నాడు ఆఖరికి. "అంతా చూడండి. ఒక్కరు కూడా మాట్లాడొద్దు."

లైట్లు ఆర్పమని ఎవరో అన్నారు. కుర్చీలు సర్దుకున్నాయి. ఫోనులోంచి, ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు చెప్పుల చప్పుడు మొదలైంది.

"ఇప్పుడు చూడండి..." అని డాక్టరు గొంతు అందుకుంది.

"డాక్టరుగారూ, నోరు ముయ్యండి!"

బతుకంతా జనాన్ని నోరు తెరవమనే మనిషికి ఆ మాట కొత్త. డాక్టరు మూశాడు. అడుగులు పడ్డాయి, ఆగాయి. హాలు నిశ్శబ్దంలో, మైకులో, ఫోనులో, మూడు చోట్ల వడపోసుకుని ఆ చిన్న నవ్వు వచ్చి సర్వేయరు మొహానికి తగిలింది. తర్వాత అడుగులు.

అవతల లైటు మీట టక్కుమంది.

"చూశారా?" అన్నాడు సర్వేయరు.

ఎవరో గొంతు సవరించుకున్నారు. "ఇది వేరే కాపీ అయ్యుంటుంది సార్."

"అంతే అంతే. మనం మొదట్లో చూసిన కాపీలో తిరుగుతాడు."

"సెన్సారు వాళ్లు కోసేసుంటారు. మంచి ముక్కే చూసి కోస్తారు వెధవలు."

"పాత కాపీ దొరుకుతుందేమో కనుక్కుందాం" అని డాక్టరు తీర్మానం చేస్తున్నాడు. "ఎవరైనా బలపరుస్తారా?"

సర్వేయరు నుదురుతో తువ్వాలును టపటపా కొట్టుకున్నాడు. కంటికి మంచిది కాదని కూడా తోచలేదు. అప్పుడు వెనక నుంచి నవ్వు వినపడింది. మొదట ముక్కుతో, తర్వాత ఆపుకోలేక, మంచం కదిలేలా నవ్వింది ఆవిడ. మడత పెట్టిన బట్టలు జారి కింద పడ్డాయి. వంగి ఫోను తీసుకుంది.

"మీ ఫిర్యాదు నమోదు చేసుకున్నామండీ" అని ఆఫీసు గొంతుతో చెప్పి, పెట్టేసింది.

కింద పడ్డ బట్టలు ఏరడానికి ఆవిడ నేల మీదికి దిగింది. ఏరి, మళ్లీ లేవలేదు. మంచం కోడుకు ఆనుకుని అక్కడే కూర్చుండిపోయింది. ఒక చొక్కా దులిపి మోకాలి మీద పరుచుకుంది.

"అయితే మరి ఆ చూపు మీకెక్కడ కనపడిందంటారు?" అంది. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది.

సర్వేయరు మొదటిసారి ఆ సినిమా చూసిన హాలు గుర్తుకు తెచ్చుకోబోయాడు. విరిగిన కుర్చీ, ముందు మనిషి తల, ఆ తల పక్క నుంచి మెడ సాచి చూసిన మంచు దారి. ఆ మనిషి ఆగినప్పుడు తన ప్రాణం లేచి గొంతులోకి వచ్చింది.

"తిరిగితే బాగుండుననుకున్నాను" అన్నాడు. "అంతే."

ఆవిడ చొక్కా చేతులు రెండూ లోపలికి మడిచింది. కాలరు సరిచేసింది.

"మరీ గట్టిగా అనుకున్నట్టున్నారు" అంది. "అంతమందికి కనపడింది."